సెరెంగెటి జ్ఞాపకము

ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానమున మేము గడిపిన సెలవుదినములు నేటికిని మాకు తీపి జ్ఞాపకములే. పది లక్షలకు మించిన వైల్డ్‌బీస్టు మృగములు మేతకొరకు యేటేట వలసపోవు నేల యది. ఆడుసింహము తన పిల్లలను నాకుచుండగా బండిలోని మేమందరము మాటలు మానితిమి. (సఫారీ యనగా స్వాహిలీ భాషలో ప్రయాణమే, వేడుక యని కాదు.)

అయితే 1951లో జాతీయవనమైన ఆ నేలమీద పశువులను మేపుకొనుచుండిన మసాయి ప్రజలను 1959లో ఎన్‌గోరోంగోరో ప్రాంతమునకు తరలించిరి. మృగములకు చోటు కావలెను, నిజమే. మేత భూమి పోయినవాని దుఃఖమో, మన పల్లెలకు తెలియనిది కాదు.

పొరుగువాడు విడిచిపోయిన నేలపై పొందిన సంతోషము పాపమా? పాపమనలేము. ఆ సింహమును మరువవలెననియు అనము. గాని నాబోతు ద్రాక్షతోట సంగతి ఎరిగిన మనము సింహమునొకటే తలంచుకొనుట న్యాయమా? ఇప్పుడు మా పిల్లలకు ఆ కథ చెప్పునప్పుడు మసాయివారి మందలనుగూర్చియు చెప్పుచున్నాము.