తలుపు దాటినా తీరని బాధ్యత

తన చేతిలో ఉన్నదానితో మనిషి ఎలా మెలగుతాడో చూసి మనం అతని మంచితనాన్ని అంచనా వేస్తాం. కాని చేజారిపోయిన దాని విషయంలో ఎలా ప్రవర్తిస్తాడన్నది అంతకంటే గట్టి పరీక్ష. ఎందుకంటే అక్కడ "ఇక నా బాధ్యత తీరిపోయింది" అని చెప్పుకోవడానికి అతనికి ఒక సాకు దొరుకుతుంది.

నేడు హైదరాబాదు వంటి నగరాల్లో, అపార్టుమెంట్లలో పిల్లుల్ని పెంచుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇలాంటి పిల్లి పుట్టి బుద్ధెరిగాక నేల మీద నడిచి ఉండదు, మెట్లు దిగి ఉండదు. దాని లోకమంతా రెండు గదులు, ఒక కిటికీ. గ్యాస్ బండ తెచ్చిన మనిషి కోసం తలుపు తీసినప్పుడో, చుట్టాలు వచ్చిపోయే సందడిలోనో, టపాకాయల మోతకు బెదిరిపోయో అది బయటికి జారుకుంటుంది. అప్పుడు ఇంట్లో మూడు మాటలు వినిపిస్తాయి. "పిల్లే కదా, అదే వస్తుందిలే" అని ఒకరు. "వెళ్ళాలనుకుంది, వెళ్ళింది" అని మరొకరు. "దాని రాత ఎలా ఉంటే అలా జరుగుతుంది" అని ఇంకొకరు. ఈ మూడు మాటల్లో ఏదైనా మనల్ని బాధ్యత నుండి తప్పిస్తుందా?

ఒంటె వేరు, గొర్రె వేరు

తప్పిపోయిన జంతువుల గురించి దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)ను ఒక వ్యక్తి అడిగిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. తప్పిపోయిన గొర్రె కనిపిస్తే దాన్ని పట్టుకోమని ఆయన (స) అనుమతించారు. ఎందుకంటే, వదిలేస్తే అది తోడేలు పాలవుతుంది. ఒంటె గురించి అడిగినప్పుడు మాత్రం ఆయన (స) ముఖం ఎర్రబడింది. దాని జోలికి నీకెందుకు అన్న భావం వ్యక్తం చేశారు. దానికి గట్టి పాదాలున్నాయి, కడుపులో నీళ్ళ నిల్వ ఉంది, యజమాని వచ్చేదాకా అది చెట్ల ఆకులు తిని బతకగలదు.

ఈ తేడాలో మనకొక కొలమానం లభిస్తుంది. ఇక్కడ చూడవలసింది జంతువు ఖరీదును కాదు. నిజానికి ఒంటె ఖరీదే ఎక్కువ. "మనిషి అండ లేకుండా ఇది బతకగలదా?" అన్నదే అసలు ప్రశ్న. బతకగలిగినదాన్ని దాని మానాన వదలవచ్చు. బతకలేనిదాన్ని వదలరాదు.

మరి పిల్లి ఒంటె వంటిదా, గొర్రె వంటిదా? వీధిలో పుట్టి వీధిలో పెరిగిన పిల్లి ఒంటె వంటిదే. దానికి వేట తెలుసు, కుక్క వస్తే ఏ గోడ ఎక్కాలో తెలుసు. గదిలో పెరిగిన పిల్లి అలా కాదు. దానికి ఆహారమంటే గిన్నె, నీళ్ళంటే పళ్ళెం. వాహనమంటే ఏమిటో, వీధికుక్క అంటే ఏమిటో దానికి తెలియదు. జాతి ఒకటే అయినా పెంపకం దాన్ని గొర్రెగా మార్చింది. అలా మార్చింది మనమే.

పిల్లి విషయంలో రెండు దారులు

ఒక స్త్రీ పిల్లిని బంధించి, అది చనిపోయేదాకా అలాగే ఉంచినందుకు నరక శిక్షకు గురైందన్న ప్రవచనం మన పాఠకులకు తెలిసిందే. ఆమె దానికి తిండీ నీళ్ళూ పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బతికేందుకు వదలనూ లేదు. ఆ ప్రవచనం ప్రకారం పిల్లి విషయంలో మన ముందు రెండు దారులున్నాయి. ఇంట్లో ఉంచుకుంటే పోషించాలి. లేదా, తన తిండి తాను సంపాదించుకునేందుకు వదిలేయాలి.

రెండవ దారిలో ఒక షరతు ఇమిడి ఉందని మనం తరచు గమనించం. వదిలేయడం అంటే బతకగలిగే చోటికి, బతకగలిగే స్థితిలో వదలడం. ఈ విషయాన్ని మన పూర్వ ధర్మవేత్తలు ఎంత సూక్ష్మంగా ఆలోచించారో చూడండి. చూపు పోయిన పిల్లి ఒక ఇంటిని ఆశ్రయించి, అక్కడి నుండి వెళ్ళలేని స్థితిలో ఉంటే దాని పోషణ ఆ ఇంటివారిపై తప్పనిసరి అవుతుందని మాలికీ ధర్మవేత్తలు రాశారు. వెళ్ళగలిగినదైతే తప్పనిసరి కాదు. వారు ఆ పిల్లిని కొనలేదు, పెంచలేదు. అయినా దాని నిస్సహాయతే వారిపై హక్కుగా మారింది. అలాంటప్పుడు, మనమే తెచ్చి, మనమే తలుపులు మూసి, బయటి లోకం తెలియకుండా పెంచిన ప్రాణి హక్కు ఇంకెంత బలమైనదో ఊహించండి. గడప దాటినంత మాత్రాన దాని నిస్సహాయత తీరిపోదు. పైగా రెట్టింపు అవుతుంది. కనుక దాన్ని వెతకడం మనం దానికి చేసే ఉపకారం కాదు, దానికి రావలసిన బాకీ.

పిల్లి మన చుట్టూ తిరుగుతూ ఉండే వారిలో ఒకటని దైవప్రవక్త (స) చెప్పిన మాటను హజ్రత్ అబూ ఖతాదా (రజి) తన కోడలికి గుర్తుచేశారు. వుజూ నీళ్ళ పాత్రను పిల్లి తాగేందుకు వంచి పట్టుకున్న సందర్భమది. హజ్రత్ అబూ హురైరా (రజి)కి ఆ పేరు రావడానికి కారణమైన చిన్న పిల్లిని ఆయన పగలు మేకలు కాసేటప్పుడు వెంట తీసుకెళ్ళేవారు. రాత్రయితే చెట్టుపై ఉంచేవారు. ఆరుబయట బతికే పశువుల కాపరి కూడా తన పిల్లి రాత్రి ఎక్కడుంటుందో ఆలోచించారన్నమాట.

"వెళ్ళాలనుకుంది, వెళ్ళింది"

ఈ మాటలో పిల్లి స్వేచ్ఛ పట్ల గౌరవం ఉన్నట్లు తోస్తుంది. కాని వాస్తవం వేరు. ఇంటి పిల్లి బయటపడగానే సాధారణంగా చేసే పని పారిపోవడం కాదు, దాక్కోవడం. మెట్ల కింద, మోటారు గదిలో, నిలిపి ఉంచిన స్కూటర్ల వెనుక, పాత సామాను సందుల్లో నక్కి కూర్చుంటుంది. మనం పేరు పెట్టి పిలిచినా పలకదు. అది మొండితనం కాదు, భయం. అలికిడి చేస్తే శత్రువుకు దొరికిపోతానన్న సహజ జ్ఞానం దాని నోరు నొక్కేస్తుంది.

తప్పిపోయిన సుమారు 1200 పిల్లుల గురించి జరిగిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. దొరికిన వాటిలో నూటికి 75 పిల్లులు తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే ఉన్నాయి. ఎప్పుడూ ఇంట్లోనే ఉండే పిల్లులు, బయట తిరిగే అలవాటున్న వాటికంటే తక్కువ దూరమే వెళ్ళాయి. మొత్తం మీద మూడో వంతు పిల్లులు మొదటి వారంలోనే దొరికాయి. స్వయంగా తిరిగి వెతికిన వారికి పిల్లి సజీవంగా దొరికే అవకాశం పెరిగిందని కూడా తేలింది. అంటే "అదే వస్తుందిలే" అని కూర్చున్న ఇంటికి పది అడుగుల దూరంలోనే ఆ ప్రాణి ఆకలితో వణుకుతూ ఉండవచ్చు. ఆ స్థితికి స్వేచ్ఛ అని పేరు పెట్టడం మన బద్ధకానికి అందమైన ముసుగు వేయడమే.

వెతకడంలోని మర్యాదలు

మొదటి మర్యాద నోటిని అదుపులో ఉంచుకోవడం. తలుపు ఎవరు తీశారన్న విచారణతోనే చాలా ఇళ్ళలో విలువైన మొదటి గంట గడిచిపోతుంది. ఆ కోపం చివరికి పనిమనిషి మీదో, పసివాడి మీదో విరుచుకుపడుతుంది. పదేళ్ళు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి)ని దైవప్రవక్త (స) ఏనాడూ విసుక్కోలేదు. మూగజీవి మీద ప్రేమ పేరుతో మనిషి మనసు గాయపరచడం ఏపాటి కారుణ్యం?

రెండవది, దగ్గరి నుండి మొదలుపెట్టడం. ముందు ఇంట్లోనే బీరువా వెనుక, మంచం కింద చూడాలి. తర్వాత మన అంతస్తు, మెట్లు, మేడపైన, వాహనాలు నిలిపే చోటు. జనసంచారం తగ్గిన వేళ ఇందుకు అనువైనది. ఇషా తర్వాత, ఫజ్ర్‌కు ముందు వీధి నిశ్శబ్దంగా ఉంటుంది. టార్చిలైటు వేస్తే చీకట్లో పిల్లి కళ్ళు మెరుస్తాయి. కనిపించగానే మీదికి ఉరకరాదు. కింద కూర్చుని, మెల్లగా మాట్లాడుతూ, దానికి అలవాటైన తిండి ముందుంచి ఓపిక పట్టాలి. పదిమందిని వెంటేసుకుని అరుస్తూ తిరిగితే అది మరింత లోపలికి దూరుతుంది.

మూడవది, ఇరుగుపొరుగు హక్కు. మన పిల్లి వారి పెరట్లో ఉన్నా సరే, అనుమతి లేకుండా అడుగుపెట్టరాదు, కిటికీల్లోకి లైటు వేయరాదు. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి తీసుకునే ప్రవేశించాలనీ, తిరిగి వెళ్ళమంటే వెళ్ళిపోవాలనీ దివ్య ఖుర్ఆన్ నూర్ సూరాలో ఆదేశించింది. పొరుగువారిని మర్యాదగా అడిగి, వారి గదుల్నీ గోదాముల్నీ ఒకసారి చూడమని కోరాలి. తెలియక తాళం వేసిన గదిలో పిల్లి చిక్కుకుపోవడం కద్దు. కాపలాదారునికీ, చెత్త తీసుకెళ్ళే వారికీ ఆనవాళ్ళు చెప్పి ఉంచాలి. దగ్గరలోని పశువైద్యశాలలోనూ విచారించాలి.

దొరికినవారిపై కూడా ఒక బాధ్యత ఉంది. మెడపట్టీతోనో, శుభ్రమైన బొచ్చుతోనో, మనిషిని చూసి దగ్గరికొచ్చే తీరుతోనో అది ఎవరో పెంచుకున్న పిల్లి అని తెలిసిపోతుంది. అందంగా ఉంది కదా అని గుట్టుగా ఉంచేసుకోవడం ధర్మం కాదు. దొరికిన వస్తువును ఒక సంవత్సరం పాటు ప్రకటించమన్న ధర్మం మనది. వస్తువుకే అంత కాలమైతే, ఎదురుచూసే ఇల్లున్న ప్రాణి విషయంలో నాలుగు గుమ్మాలు అడగడం పెద్ద శ్రమ కాదు.

రాతను నమ్మడమంటే

ఇక మిగిలింది మూడవ మాట. అంతా అల్లాహ్ నిర్ణయమే, అందులో సందేహం లేదు. కాని ఒంటెను కట్టకుండా తవక్కుల్ చేయనా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టి తర్వాత అల్లాహ్‌ను నమ్ముకోమని దైవప్రవక్త (స) బోధించారు. తవక్కుల్ ప్రయత్నానికి ముందు చెప్పే సాకు కాదు, ప్రయత్నం తర్వాత లభించే ప్రశాంతత. వెతకనివాడు "దాని రాత" అనడం వేరు. చేయగలిగినదంతా చేసి, అలసిన కాళ్ళతో ఇంటికొచ్చినవాడు ఆ మాట అనడం వేరు. మాటలు ఒకటే అయినా మొదటివాడు తప్పించుకుంటున్నాడు, రెండవవాడు అప్పగిస్తున్నాడు.

వెతుకులాటకు కూడా హద్దులున్నాయి. నమాజు తప్పరాదు, తల్లిదండ్రుల సేవ, పిల్లల అవసరాలు ఆగిపోరాదు. శక్తికి మించిన భారం అల్లాహ్ ఎవరిపైనా మోపడు. వారాలు గడిచినా దొరకకపోతే గుమ్మం దగ్గర కాస్త తిండి, నీళ్ళు ఉంచుతూ ఆశ వదలకుండా ఉండటమే మన పని. ఆ నీళ్ళు మరో ప్రాణి తాగినా అవి వృథా కావు. ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ పుణ్యముందన్న శుభవార్త మనకుంది.

కాబట్టి ఒక ప్రాణిని ఇంటికి తెచ్చుకునే ముందే మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. కిటికీలకు జాలీ ఉందా, తలుపు దగ్గర జాగ్రత్త పాటించగలమా, అది తప్పిపోతే అర్ధరాత్రి టార్చి పట్టుకుని మెట్లు దిగే ఓపిక మనలో ఉందా? ఒళ్ళో కూర్చోబెట్టుకునేటప్పుడు ప్రతి ఒక్కరూ ప్రేమ చూపుతారు. కనబడకుండా పోయిన రోజు చూపేదే అమానతు. మనకు అప్పగించిన ప్రతి ప్రాణి గురించీ రేపు ప్రశ్నించబడతామన్న స్పృహను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.