అడగలేని వారి అమానత్

తార్నాక నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం గుండా నడుస్తుంటే మాకు ఢిల్లీ విశ్వవిద్యాలయపు సంఘటన గుర్తొస్తుంది. అక్కడ 1985 నుంచి మూలపడి ఉన్న కోబాల్ట్-60 యంత్రాన్ని 2010లో తుక్కు కింద వేలం వేశారు. మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పిన కార్మికులు రేడియేషన్‌కు గురయ్యారు, ఒకరు మరణించారు. కోబాల్ట్-60 శక్తి సుమారు ఐదేళ్ళ మూడు నెలలకోసారి సగమవుతుంది. అంటే 2010 నాటికి ఎంత మిగులుతుందో 1985లోనే చెప్పవచ్చు. జ్ఞానం లేక కాదు, లెక్క పట్టించుకోనందువల్ల ప్రాణం పోయింది.

తార్నాకకు దగ్గరలో, మౌలాలీ వైపు, 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ దేశంలోని రియాక్టర్లకు ఇంధనం తయారుచేస్తోంది. వాడిన ఇంధనంలో ఉండే ప్లుటోనియం-239 సగమవడానికే సుమారు 24 వేల ఏళ్ళు పడుతుంది.

“అప్పటికి మనముంటామా?” అని కొందరంటారు. సోదరులారా! అప్పును రాసిపెట్టుకోమని దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తోంది. మనిషి మరచిపోతాడు, బాకీదారు మరణించినా బాకీ మిగులుతుంది. ఇంకా పుట్టనివారు మన గుమ్మానికొచ్చి అడగలేరు. అడగలేని అనాథ హక్కు ఎంత బరువైనదో వారి హక్కూ అంతే. ఎంత ఉంది, ఎక్కడుంది, రేపు ఎంతవుతుంది? ఈ మూడూ నిజాయితీగా రాసి అప్పగించడమే అమానత్.

అమానత్‌ను కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.