జామాయిలు తోట – పొరుగువాని బావి

మన పూర్వులు సప్తసంతానములను లెక్కించునప్పుడు చెఱువును వనమును ఒకే వరుసలో నిలిపిరి. కొడుకును కనుట యెట్టిదో, చెఱువు త్రవ్వించుటయు తోట వేయించుటయు నట్టివే యని వారి తలంపు. తోట వేసినవాడు చెఱువునకు ద్రోహము చేయగలడన్న శంకకు వారి ధర్మశాస్త్రమున చోటు లేకుండెను. ఆ రెండు పుణ్యములును ఒండొంటితో కలహించు కాలమున మనము పుట్టితిమి. ఆ కలహమునకు మూలమని లోకము వేలెత్తి చూపుచున్నది జామాయిలు చెట్టును.

దీని పుట్టినిల్లు ఆస్ట్రేలియా తూర్పుభాగమును, న్యూగినీ దక్షిణభాగమును. యూకలిప్టసు అను గ్రీకుపేరును 1788లో లెరిటియే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెట్టెను. చక్కగా కప్పబడినది యని యర్థము. మొగ్గమీద నొక చిన్న మూత యుండి, పువ్వు విచ్చునప్పుడు ఊడిపడును. మన మెట్టలలో పెరుగు జాతికి ఆ మూత కొమ్మువలె నుండుటచే టెరెటికార్నిస్ అని పేరు వచ్చినది. టిప్పుసుల్తాను కాలమున నందికొండపై మొదట నాటిరని చెప్పుదురు. అచ్చటి సంతతియే మైసూరు గమ్మను పేర దేశమంతట ప్రాకినది. జలుబునకు చేతిరుమాలుపై చల్లుకొను నీలగిరితైలము ముఖ్యముగా దీని జ్ఞాతిదే కాని దీనిది కాదు. ఆ నూనె వాసన తలచుకొని దీనిని మెచ్చుకొనువారు ఈ భేదము నెఱుగవలెను.

ఈ కుటుంబపు చెట్లకు ఒకప్పుడు గొప్ప కీర్తి యుండెడిది. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున రోమునగరము చెంత ట్రే ఫొంటానె మఠమునందలి సన్న్యాసులు వీనిని వేలకొలది నాటిరి. మలేరియా చెడుగాలివలన పుట్టుననియు, ఈ యాకుల వాసన ఆ గాలిని శుద్ధి చేయుననియు ఆనాటి నమ్మకము. 1897లో రోనాల్డు రాసు మన సికిందరాబాదుననే దోమకడుపులో ఆ రోగక్రిమిని కనుగొనుటతో గాలిమాట గాలికే పోయినది. ఆ చెట్లవలన మేలేమైన కలిగియుండినచో అది వాసనవలన గాదు. బురదనేలలోని నీటిని త్రాగుటవలననే. అచ్చట కీర్తి తెచ్చిన దాహమే ఇచ్చట నేరమైనది. చెట్టు మాత్రము మారలేదు. కావున దానిని దయ్యమని తిట్టువారితో మేము గొంతు కలుపజాలము. ధర్మాధర్మ విచారము చెట్టునకు లేదు, నాటువానికి కలదు.

నేరమున్నదా యనునది ముందు తేలవలెను. 1983లో తుమకూరు జిల్లా రైతులు ప్రభుత్వపు నారుమళ్లపైకి నడచి ఈ మొక్కలను పెరికివైచి, ఆ చోట చింతగింజలు, మామిడిటెంకలు నాటిరి. 2017లో కర్ణాటక ప్రభుత్వమే క్రొత్తగా నాటుటను నిషేధించినది. ఈ నడుమ ఇయాన్ కాల్డరును ఆయన తోడివారును ఆ రాష్ట్రముననే కొలిచి చూచిరి. నేల లోతు లేనిచోట జామాయిలు అక్కడి అడవికంటె నెక్కువ త్రాగలేదు. లోతైన నేలలోనన్ననో, వేళ్లు దిగిదిగి పోయి, ఆ యేడు కురిసిన వానకంటెను నెక్కువ నీటిని, అనగా భూమి వెనుకటి యేండ్లలో దాచుకొన్న దానిని సైతము, పీల్చుకొన్నవి. కట్టె బరువును బట్టి లెక్కించినచో ఇది నీటిని దుబారా చేయదని దీని పక్షమువారు వాదింతురు. కావచ్చును. కాని నీటిని పొదుపుగా వాడిరా యని బావి యడుగదు. ఎంత తీసిరో అంత తఱిగిపోవును.

ఇక మన సంగతి. ఖమ్మము, ప్రకాశము, కృష్ణా జిల్లాల మెట్టలలో ఈ తోటలు విస్తారముగా నున్నవి. భద్రాచలము దాపున సారపాక కాగితపు మిల్లువారు 1989 మొదలు మేలైన చెట్ల కొమ్మలను వేరుపట్టించి, ఏపుగా నిటారుగా పెరుగు మొక్కలను రైతుల కందించిరి. చిన్నరైతు దీనిని నాటుకొన్నచో తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. వానను నమ్మరాదు, పంటకు ధర నిలువదు, కలుపునకు కూలి దొరకదు. ఇదియో, నాలుగేండ్లకు కోతకు వచ్చును; మోడునుండి పిలకలు తామే లేచును; పశువు నోరు పెట్టదు. అప్పులవానికి ఇంతకంటె నిబ్బరమైన పైరు మఱియొకటి యేది?

మా మాట పట్టణములలో కాపురముండి, తాతలనాటి చేనిని జామాయిలునకు వదలిన గృహస్థులతోనే. మా చదువరుల యిండ్లలో ఇట్టివి లేకపోలేదు. భూమి నమ్ముటకు మనసొప్పదు. కౌలుకిచ్చిన హక్కు పుట్టునేమో యని భయము. అందుచేత జామాయిలు. నాటినపిదప ఆ భూమి యజమానిని అడుగునది యేమియు లేదు. మాకు కటువుగా తోచునది యదియే. కలుపు తీయ వచ్చు స్త్రీలకు ఏటేటి పని పోవును. నాలుగేండ్లకొకసారి రంపములతో ముఠా వచ్చి, లారీ నింపి, పోవును. ప్రక్కచేని రైతు తన బోరును మఱికొంత లోతునకు దింపును. అప్పు అతనిది, కట్టెసొమ్ము మనది.

చట్టము మనవైపే యున్నది. తన నేలక్రింద నిర్ణీతమైన కాలువలేక వ్యాపించియున్న నీరు భూయజమాని వాడుకొనవచ్చునని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము చెప్పుచున్నది. కాని ఆ నీరు గట్టు నెఱుగదు. గట్టుకీవల మన వేరు త్రాగినది, గట్టుకావల వాని పిల్లలు త్రాగవలసినదియే కావచ్చును. మంచినీటి బావికి చేరువ బోరు వేయుట తప్పని అందఱకు తెలియును. తోట వేయునప్పుడు మాత్రము పొరుగువానిని మాటవరుసకైన నడుగువాడు లేడు. మిల్లును దూషించి చేతులు దులుపుకొనుటయు తగదు. ఈ వ్యాసము అచ్చగు కాగితమున ఆ చెట్టు పాలు లేదని మేము ప్రమాణము చేయలేము.

తోటలను నఱికివేయుడని మేము చెప్పుట లేదు. చెఱువులోనికి నీరు వచ్చు వాలునందును, మంచినీటి బావికి దాపునను, నేల లోతైనచోటను దీనిని మానుకొని, ఆ భాగమును పంటకు కౌలుకిచ్చినచో రాబడి కొంత తగ్గును. పట్టణమున జీతము గలవాడు ఆ తగ్గుదలను భరింపగలడు. బోరు ఎండినవాడు భరింపజాలడు.

కోత ముగిసిన పిదప మోడు పిలక వేయుటకు కొన్ని వారములు పట్టును. ఆ లోపల ఒక ఆదివారము ఊరికి పోయి, ప్రక్కచేని బావిలోనికి తొంగిచూచి, నీరెంత లోతున నున్నదో ఆ రైతునే అడిగి రావచ్చును.