బూజు పట్టిన రొట్టెలు



యెహోషువ గ్రంథం తొమ్మిదవ అధ్యాయంలో ఒక మోసం కథ ఉంది. గిబ్యోను ప్రజలు ఇశ్రాయేలీయులకు ఇరుగుపొరుగువారే. అయినా దూరదేశం నుండి వచ్చామని నమ్మించడానికి చినిగిన గోతాలు, కుట్లు వేసిన తిత్తులు, అరిగిపోయిన చెప్పులు, ఎండి బూజు పట్టిన రొట్టెలు వెంట తెచ్చుకున్నారు. ఇశ్రాయేలీయులకు అనుమానం రాకపోలేదు. మీరు మా దగ్గరివారేమో అని అడిగారు కూడా. కాని రొట్టెలను చూడగానే ఆ అనుమానం పోయింది. దేవుని సలహా అడుగకుండానే ప్రమాణం చేశారు. మూడు రోజులకు నిజం తెలిసింది. అప్పటికి ప్రమాణం జరిగిపోయింది.

ఈ కథ పాతదని అనుకోకండి. నేడు జనగామలో వడ్లు అమ్మిన పైసలు, మహబూబాబాద్ మార్కెట్లో మిర్చి అమ్మిన పైసలు, భూపాలపల్లి సింగరేణి కార్మికుని జీతం, అన్నీ బ్యాంకు ఖాతాలోకే వస్తున్నాయి. కొందరి జేబులో క్రెడిట్ కార్డు కూడా ఉంది. అందుకే గిబ్యోనువారు ఇప్పుడు గుడారం ముందుకు రావడం లేదు, ఫోనులోకి వస్తున్నారు.

"అమ్మా, బ్యాంకు నుండి మాట్లాడుతున్నాం. మీ కార్డు ఈ సాయంత్రమే ఆగిపోతుంది" అంటారు. మీ పేరు చెబుతారు, కార్డు మీది మొదటి అంకెలు కూడా చెబుతారు. వీరికి అన్నీ తెలుసుగదా, బ్యాంకువారే అయి ఉంటారని ఆ తల్లి అనుకుంటుంది. కాని ఆ మొదటి అంకెలు బ్యాంకును, కార్డు రకాన్ని తెలిపేవి మాత్రమే. అవే అంకెలు ఎన్నో కార్డుల మీద ఉంటాయి. అవి బూజు పట్టిన రొట్టెలు! వీడియోలో కనిపించే పోలీసు దుస్తులూ అటువంటివే. "డిజిటల్ అరెస్టు" అనేది మన దేశ చట్టంలో లేనే లేదు. ఏ పోలీసూ, ఏ న్యాయమూర్తీ ఫోనులో నిర్బంధించి డబ్బు అడుగరు.

మంచి కాపరి గొఱ్ఱెలు పరాయివాని స్వరం విని వెంట వెళ్ళవు, పారిపోతాయని యోహాను సువార్త పదవ అధ్యాయం బోధిస్తుంది. అవి పరాయివానితో వాదనకు దిగవు. మనమూ అంతే చేయాలి. ఫోను పెట్టేయండి. కార్డు వెనుక అచ్చు వేసిన నంబరుకు మీరే ఫోను చేసి అడుగండి. ఓటీపీ అంటే మీ సంతకం. దానిని ఎవరికీ చెప్పకండి. యూపీఐ పిన్ను డబ్బు పంపడానికే గాని, పుచ్చుకోవడానికి అవసరం లేదు. వాట్సాప్‌లో వచ్చిన తెలియని ఫైలును తెరువకండి. కార్డును ఆన్‌లైన్‌లో, విదేశాలలో వాడకుండా ఆపివేసుకునే సౌకర్యం 2020 అక్టోబరు 1 నుండి రిజర్వు బ్యాంకు కల్పించింది. అవసరం లేనివారు దానిని ఉపయోగించుకోండి.

అయినా మోసపోతే? ఇక్కడే మన ఇండ్లలో పెద్ద తప్పు జరుగుతోంది. మోసపోయిన తల్లి భర్తకు చెప్పడానికి భయపడుతుంది. తండ్రి కొడుకుల ముందు సిగ్గుపడతాడు. ఆ మౌనంలో గంటలు గడుస్తాయి, డబ్బు ఖాతా నుండి ఖాతాకు మారిపోతుంది. వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకుకు తెలిపితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం, ఖాతాదారుని తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేకుండా బయటివారి వల్ల డబ్బు పోతే, సమాచారం అందిన మూడు పనిదినాలలోగా తెలిపినవారికి నష్టం ఉండదని చెప్పింది. తానే రహస్య సంఖ్య చెప్పినవాడు తెలియజేసే వరకు జరిగిన నష్టం భరించాలి, తెలిపిన తర్వాత జరిగేది బ్యాంకుదే. కనుక ఆలస్యమే నష్టం. భర్తలారా, పిల్లలారా, మోసపోయినవారిని తిట్టకండి. యెహోషువ వంటి నాయకుడే మోసపోయాడు! మీ కోపానికి జడిసి వారు దాచిపెడితే, ఆ దొంగకు మీరు సాయం చేసినట్లే.

యువతీ యువకులకు ఒక్క మాట. "నీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వు, కమీషను ఇస్తాం" అని అడిగేవారున్నారు. ఆ ఖాతాలో పడేది ఎవరో ముసలి తల్లి మందులకు దాచుకున్న సొమ్ము. నేనేమీ దొంగిలించలేదుగదా అనడానికి వీలులేదు. దొంగకు సంచి పట్టినవాడూ ఏడవ ఆజ్ఞ మీరినవాడే. పోలీసు కేసు ఒక ప్రక్క, పాప సంకీర్తనం మరొక ప్రక్క. జక్కయ్య పశ్చాత్తాపపడినప్పుడు మాటలతో ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. తిరిగి ఇవ్వడానికి మనసు లేని పశ్చాత్తాపం నిండు పశ్చాత్తాపం కాదు.

ఈ రాత్రి కుటుంబ జపమాల ముగిసిన తర్వాత ఒక ఐదు నిమిషాలు కూర్చోండి. గోడమీది క్యాలెండరుపై 1930 అని పెద్ద అక్షరాలతో వ్రాయండి. ఇంటిలోని పెద్దవారికి, "ఎవరు ఫోను చేసినా మమ్మల్ని అడిగిన తర్వాతే జవాబు చెప్పండి. ఏమి జరిగినా మేము కోప్పడం" అని మాట ఇవ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి. పావురాల వలె నిష్కపటంగా ఉండమన్న ప్రభువే సర్పాల వలె వివేకంతో ఉండమని కూడా అన్నాడు. ఆ రెండు వరాలూ మీ గృహాలలో నిలుచునుగాక!