చెవి ప్రసాదలింగమునకు ముఖము

పెండ్లి ముగిసిన మరునాటి ఉదయము. జహీరాబాదు ప్రాంతమునందలి ఒక వీరశైవ గృహమున వృద్ధుడైన తాత స్నానము చేసి, విభూతి ధరించి, కరస్థలమున ఇష్టలింగము నుంచుకొని పంచాక్షరి జపించుచుండెను. పూజావేళ ఆయన ప్రక్కన కూర్చుండుట మనుమనికి చిన్ననాటి నుండియు అలవాటు. ఆనాడు మాత్రము ఆలస్యముగా లేచి వచ్చెను. తల పగులుచుండెను; నాలుక పిడచ కట్టెను; వెలుతురు చూడ కన్నులు ఒప్పకుండెను. ముందటి రాత్రి బరాతులో డీజే పెట్టెల ముంగిట మూడు గంటలు గంతులు వేసెను. మిత్రులు అందించినది కాదనలేక త్రాగెను.

కొంతసేపటికి అతడు "తాతా, ఈనాడు మంత్రము మనసులోనే చెప్పుకొనుచున్నావా? నాకు వినబడుట లేదు" అని యడిగెను.

"నిన్నటి వలెనే చెప్పుచున్నాను, నాయనా" అని తాత బదులు చెప్పెను.

మనుమని చెవులలో గుయ్యిమను రొద తప్ప మరేమియు లేదు. దీక్షనాడు గురువు మంత్రము నుపదేశించిన చెవి అదియే.

ఇది చిన్న సంగతిగా తోచవచ్చును. షట్స్థల సిద్ధాంతము నెరిగినవారికి చిన్నది కాదు. నాసిక ఆచారలింగమునకును, జిహ్వ గురులింగమునకును, నేత్రము శివలింగమునకును, చర్మము జంగమలింగమునకును, శ్రోత్రము ప్రసాదలింగమునకును, హృదయము మహాలింగమునకును ముఖములని పెద్దలు నిర్ణయించిరి. చెవి గ్రహించు శబ్దము ప్రసాదలింగమునకు అర్పితమై, పిదప ప్రసాదముగా అనుభవింపబడవలెను. లింగార్పితము కాని అన్నమును ముట్టని భక్తుడు శబ్దమును మాత్రము విచారింపక చెవిలో పోసికొనుట ఏ ఆచారము?

దేహధర్మము కూడ ఈ మాటనే బలపరచుచున్నది. లోపలి చెవిలో నత్తగుల్ల వంటి భాగము కలదు. అందలి సుమారు 15,000 సూక్ష్మ రోమకణములు ధ్వనికి కదలి, ఆ కదలికను నాడుల ద్వారా మెదడునకు అందించును. తీవ్రధ్వని తగిలినపుడు అవి అలసిపోవును. అలసట కొద్దిదైనచో గంటలలోనో, ఒకటి రెండు దినములలోనో తేరుకొనును. దెబ్బ మాటిమాటికి తగిలిన నశించును. మనుష్యునియందు నశించిన రోమకణము మరల పుట్టదు. 85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదనియు, ప్రతి 3 డెసిబెళ్లకు ఆ కాలము సగమగుననియు వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. అనగా 100 డెసిబెళ్లకు 15 నిమిషములే. డీజే పెట్టెల యెదుట ధ్వని 100 దాటుట సామాన్యము. మూడు గంటల మాట వేరుగ చెప్పవలెనా? ఇక మద్యము మూత్రము నధికము చేసి దేహము నెండించును, నిద్రను చెరచును. చెవి చేయు హెచ్చరికను మత్తు తెలియనీయదు.

శరణమార్గము ఆటపాటలకు విరోధి యని ఎవరును భ్రమపడరాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును జనులు పాడుకొనదగిన ద్విపదలో రచించెను. పండితారాధ్య చరిత్రయందు తుమ్మెదపదములను, వెన్నెలపదములను, నివాళిపదములను ప్రస్తావించెను. వీరభద్రుని ఉత్సవములలో నందికోలలు నేటికిని ఊరేగుచున్నవి. పాట మనిషిని మనిషికి దగ్గర చేయును. ప్రక్కవాని మాట వినబడనీయని మ్రోత ఎవరిని ఎవరికి దగ్గర చేయును?

మరియొకటి. తన చెవి యెట్లు ప్రసాదలింగమునకు ముఖమో, వీధిలోని పసిబిడ్డ చెవియు, రోగి చెవియు, మరునాడు పరీక్ష వ్రాయు బాలిక చెవియు నట్టివే. వారు కోరని శబ్దమును వారిపై కుమ్మరించుట దయకు దూరము. దయను ధర్మమునకు మూలముగా నెంచినది బసవేశ్వరుని మార్గము. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమములు రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు బహిరంగ స్థలములలో లౌడు స్పీకర్లను నిషేధించినవి. 2024లో హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించిరి. పోలీసు వచ్చి ఆపవలసిన దానిని సదాచారము ముందుగనే ఆపవలదా?

కావున గృహస్థులు బయానా ఇచ్చునాడే ధ్వనిని, ముగింపు వేళను నిశ్చయించుకొనవలెను. పిల్లలను పెట్టెల దరికి పోనీయరాదు. శుభకార్యములందు మద్యమునకు చోటీయరాదు. చెవిలో రొద పుట్టినవాడు విశ్రాంతి గైకొని, మరల పెద్ద ధ్వనికి పోరాదు. చెవిలో నూనెలు పోయరాదు. రొద రెండు దినములలో తగ్గకున్నను, ఒక చెవి హఠాత్తుగా మందగించినను, ఆలస్యము చేయక చెవి వైద్యుని చూడవలెను.

ఆ మనుమనికి మూడవనాటి ఉదయము రొద తగ్గెను. తాత స్వరము మొదట దూరమునుండి వచ్చినట్లును, పిదప దగ్గరగను వినబడెను. అతడు మాటాడక చేతులు జోడించి, జపము ముగియువరకు వినెను. ఈసారి వినికిడి తిరిగి వచ్చినది. ప్రతిసారియు వచ్చునని పలుకగల వైద్యుడు లేడు. గురువు మంత్రముంచిన చెవిని ఆ మంత్రమునకు తగినట్లు కాపాడుకొనుట శిష్యుని విధి.