ఒక్క నిమిషం ఆగండి!

"ఫోటోలు తీస్తూ కూర్చుంటే ఇక చూసేదెప్పుడు?" అని అడిగేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. సబబైన ప్రశ్నే సుమండీ. 2014లో లిండా హెంకెల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మ్యూజియంలో పరీక్షించిన ఫలితాలు ప్రకటించింది. ఊరికే చూసిన వస్తువులకన్నా ఫోటో తీసిన వస్తువులే జనానికి తక్కువ గుర్తున్నాయిట! కెమెరా చూసుకుంటుందిలే అని మనసు పక్కకు తప్పుకుంటుంది కాబోలు. కానీ వస్తువులో ఏదో ఒక భాగాన్నే దగ్గరగా పట్టి తీసినవాళ్ళకు జ్ఞాపకం తగ్గలేదు.

నాకు ఆ రెండో సంగతే నచ్చింది. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. దక్షిణంగా పోతుంటే ఎడమచేతి వైపు, పొలాలకు ఆవల, నల్లమల మనతోనే వస్తుంది. బస్సు కిటికీలోంచి చూస్తే 'కొండలు' అని ఒక్క మాటలో తేలిపోతుంది. ఫోటో తీద్దామని చూస్తేనే పొద్దుటి కొండ వేరు, సాయంత్రం కొండ వేరని తెలుస్తుంది. పొద్దున సూర్యుడు వాటి వెనకనుంచి వస్తాడు. అప్పుడు కనిపించేవి వరసలే, నీలం వెనక నీలం. సాయంత్రం పడమటి ఎండ పడితే అదే కొండకు రాళ్ళూ, చెట్లూ, మడతలూ పుట్టుకొస్తాయి. ఇది తెలియడానికి బొమ్మ బాగా రానక్కర్లేదు. నా బొమ్మల్లో సగం కరెంటు తీగలే!

మహానంది కోనేరు సంగతీ అంతే. నిటారుగా కిందికి చూస్తే అడుగున రాళ్ళు. కాస్త వాలుగా చూస్తే రాళ్ళు మాయమై ఆకాశం. నీళ్ళు అవే.

అసలు పేచీ వేరే ఉంది. పాత ఆల్బములు తిరగేయండి. రీలుకు 36 బొమ్మలొచ్చే రోజుల్లో కెమెరా ఇంటాయన మెడలో ఉండేది. అన్ని ఫోటోల్లోనూ మనం ఉంటాం, చెంగు సర్దుకుంటూ, ఎండకు కళ్ళు చికిలిస్తూ. మనం చూసింది మాత్రం ఒక్కదాంట్లోనూ ఉండదు.

ఇప్పుడు ఫోను మన చేతిలోనూ ఉంది. మరి నలుగురినీ నిలబెట్టి ఒక ఆకు ముందు ఆగడం స్వార్థమా? నేను కాదంటాను. కూరకో, పూజకో పనికొస్తుందనే లెక్క లేకుండా ఒక ఆకును చూసి ఎన్నాళ్ళయిందో చెప్పండి! తీసిన బొమ్మ చుట్టాలందరికీ పంపి మెప్పులకోసం ఎదురుచూస్తే మాత్రం మళ్ళీ వడ్డన మొదలైనట్టే. కొమ్మ విరిచి, పిట్టను అదిలించి తీసేవాళ్ళనైతే నేను అసలు సమర్థించను. పెద్దపులి తిరిగే అడవి అది, మనం చూడవచ్చినవాళ్ళం.

మొన్న కార్తీకంలో ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం వెళ్ళాం. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి రాళ్ళదారి. మగవాళ్ళు ముందు, పిల్లలు వాళ్ళ వెంట, పులిహోర డబ్బాతో నేను వెనక. బండమీద నాచు దగ్గర ఆగానో లేదో, "ఏముందే అక్కడ? ఎండెక్కుతోంది!" అని కేక. నా వెనకే వస్తున్న అత్తగారు కూడా "ఏముందమ్మా?" అన్నారు. ఫోను చూపించబోయాను. వద్దని, మోకాళ్ళమీద చేతులు ఆనించి వంగి, నాచు కొసన వేలాడుతున్న నీటిబొట్టునే చూస్తూ నిలబడ్డారు. ముందునుంచి కేకలు వినిపిస్తూనే ఉన్నాయి.