కొసరు

అంగడిలో సరకు తూచియిచ్చిన పిమ్మట వర్తకుడు పైన వేయు పిడికెడు గింజలకు తెలుగువారు కొసరు అని పేరు పెట్టినారు. అన్నము తినుచున్న బిడ్డ చాలునన్నను వినక తల్లి మరియొక ముద్ద వడ్డించుటను గూడ కొసరి వడ్డించుట యనియే అందురు. మాట యొక్కటే. ఆ రెండు చేతులును ఒక్కటేనా అనునది విచారింపదగిన విషయము. ఇందులకు మన సంతలకంటె దూరదేశపు ఉదాహరణ మొకటి ఎక్కువగా ఉపకరించును.

అమెరికాదేశమున గత శతాబ్దపు నడిమి దశాబ్దములలో పెరిగిన బాలబాలికలలో పెక్కుమందికి ప్రాతఃకాలపు ఆహారము అట్టపెట్టెనుండి వచ్చెడిది. మొక్కజొన్నలను ఉడికించి, రేకులుగా నొక్కి, కాల్చి చేసిన అటుకులవంటి పదార్థమది. అందు చల్లని పాలు పోసికొని తినుట వారి అలవాటు. ఆ పెట్టెలో ఎక్కడనో ఒక చిన్న ఆటవస్తువు దాగియుండెడిది. దాని చిత్రమును పెట్టెపై అచ్చువేసి, లోపల ఉచితముగా ఉన్నదని పెద్ద అక్షరములతో వ్రాసెడివారు. తినగా తినగా ఏనాటికో అది బయటపడవలెను. కాని అంత ఓర్పు ఏ బాలునకు కలదు? పెట్టె ఇంటికి వచ్చిన నాడే మోచేతివరకు చేయి దూర్చి వెదకుటయు, అటుకులు బల్లనిండ చిందుటయు, తల్లి కేకలు వేయుటయు జరిగెడివి. ఆ బాలురు నేడు తాతలైనారు. వారిలో కొందరు నాటి ప్లాస్టిక్ బొమ్మలను, తగరపు బిళ్ళలను వెదకి వెదకి, ఊరక వచ్చిన ఆ వస్తువులను గొప్ప వెలకు కొని అద్దాల బీరువాలలో దాచుకొనుచున్నారు. బుద్ధిమంతులు, సంసారులు, లోకమును చూచినవారు కూడ వీరిలో కలరు. వీరు కొనుచున్న దేమి? అది దొరకుచున్నదా?

ఈ కొసరుకు మూలము మిచిగన్ రాష్ట్రములోని బ్యాటిల్ క్రీక్ అను పట్టణము. అచ్చట జాన్ హార్వీ కెల్లాగ్ అను వైద్యుడు ఒక ఆరోగ్యాశ్రమము నడపుచు, మాంసమును, మసాలాలను వర్జించిన పథ్యము రోగులకు పెట్టెడివాడు. ధాన్యపు రేకులు ఆ పథ్యముకొరకై పుట్టినవి. ఆయన తమ్ముడు విల్ కీత్ కెల్లాగ్ 1906లో వాటిని అమ్ముటకు ప్రత్యేకముగా ఒక సంస్థను స్థాపించెను. అన్న వలదన్న చక్కెరను తమ్ముడు కలిపెను. పేరుకొరకై అన్నదమ్ములు న్యాయస్థానమునకు గూడ ఎక్కిరి. రోగులకొరకు పుట్టిన ఆహారము 1909లో బాలుర ఆటతో ముడిపడినది. రెండు పెట్టెలు కొన్నవారికి జంతువుల చిత్రములు గల ఒక చిన్న పుస్తకమును ఇచ్చిరి. ఒక జంతువు తలకు మరొక జంతువు కాళ్ళు అతికినట్లు దాని పుటల ముక్కలను త్రిప్పి ఆడుకొనవచ్చును. 1945లో పెప్ అను రకపు అటుకుల పెట్టెలోపలనే చిత్రకథలలోని పాత్రల బిళ్ళలు వచ్చినవి. అటుపిమ్మట ఆ ఆచారము పోటీసంస్థలన్నిటికిని పాకినది.

కారణము సులభముగనే తెలియును. ఒక పెట్టెలోని అటుకులకును మరియొక పెట్టెలోని అటుకులకును భేదము అల్పము. డబ్బు తల్లి చేతిలో ఉన్నది, కోరిక బిడ్డ మనస్సులో ఉన్నది. కోరికను కదలించినచో డబ్బు తానే కదలును. కావున ఉచితమని వ్రాసిన ఆ వస్తువు ఉచితము కాదు. దాని వెల అటుకుల వెలలోనే కలిసియున్నది. ఫ్రాన్సుదేశపు పండితుడు మార్సెల్ మోస్ 1925లో దానమును గూర్చి ప్రసిద్ధమైన వ్యాసము వ్రాసి, ప్రాచీనసమాజములలో దానమువెంట ప్రతిదానపు బాధ్యత యెట్లు నడచెనో చూపినాడు. అటుకుల వర్తకునకు ఆ గ్రంథముతో పనిలేదు. చేపకు ఎర వేయువాడు ఎరకు వెల అడుగడని ఆయన ఎరుగును.

ఈ విషయమున కఠినముగా మాటలాడువారు కలరు. ఎరను చూచి మురిసినది అజ్ఞానము, ఏబది ఏండ్ల తరువాత గూడ ఆ ఎరనే తలచి కన్నీరు పెట్టుట అంతకుమించిన అజ్ఞానము అని వారి వాదము. ఇది త్రోసివేయదగినది కాదు. 1978లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అను అమెరికా ప్రభుత్వసంస్థ, పసిపిల్లలకు ప్రకటన యొక్క ప్రయోజనము తెలియదు గనుక వారిని ఉద్దేశించిన టెలివిజన్ ప్రకటనలను నిషేధింపవలెనని ప్రతిపాదించినది. వర్తకులు గగ్గోలుపెట్టిరి, 1980లో కాంగ్రెసు ఆ ప్రయత్నమునకు అడ్డుకట్ట వేసినది. తెలియనివానితో బేరమాడుట ధర్మమా అను ప్రశ్న మాత్రము అట్లే నిలచియున్నది. పెట్టెకొరకు అంగడిలో నేలపై పడి ఏడ్చిన బిడ్డను ఎత్తుకొని, చేతిలోని చిల్లర లెక్కించుకొనుచు బయటకు నడచిన తల్లులును ఆ దేశమున ఉండియుందురు. వారి సంగతి జ్ఞాపకాల పుస్తకములలో తక్కువగా కనబడును.

వంచన యెంతవరకు పోగలదో చూపుటకు ఒక కథ చాలును. 1955లో క్వేకర్ ఓట్స్ సంస్థ తన బొరుగుల పెట్టెలలో భూమినే పెట్టినది. కెనడాదేశపు ఉత్తరమున యూకాన్ నది ఒడ్డున కొంత నేల కొని, దానిని చదరపు అంగుళములుగా భాగించి, ఒక్కొక్క అంగుళమునకు ఒక్కొక్క దస్తావేజు అచ్చువేయించిరి. అట్టి దస్తావేజులు 2 కోట్ల 10 లక్షలు. మూడడుగుల నేల అడిగిన వటువు కథను చిన్ననాటినుండి విన్నవారికి ఈ ఒక్క అంగుళపు దానము నవ్వు పుట్టింపవచ్చును. కాని ఆ పిల్లలు నవ్వలేదు. మంచుదేశములో తమకు నేల ఉన్నదని నమ్మినారు. ఆ పత్రములు ప్రభుత్వపు పుస్తకములలో ఎక్కినవి కావు. చట్టమున వాటికి విలువ లేదు. 37 డాలర్ల 20 సెంట్ల పన్ను బాకీపడినందున 1965లో ఆ నేలను కెనడా ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. దాచుకొన్న కాగితములు చేతబట్టుకొని, తమ నేల ఏమైనదని పెద్దవారైన ఆ బాలురు బహుకాలము విచారించుచునే యుండిరి. 37 డాలర్లు చెల్లించుటకు పూనుకొన్నవారు లేకపోయిరి!

అయినను వర్తకుని సంకల్పమొకటి, బాలుని అనుభవమొకటి. కల్తీ యెరుగని మనస్సు కల్తీవస్తువును పట్టుకొన్నను, పట్టుకొన్న పట్టు కల్తీది కాదు. 1950 తరువాతి పెట్టెలలో వచ్చిన జలాంతర్గామి బొమ్మను తీసికొనుడు. అది వ్రేలెడు పొడవుగల ప్లాస్టిక్ పడవ. దాని అడుగుననున్న గుంటలో చిటికెడు బేకింగ్ పౌడరు నింపి నీటిలో విడిచిన మునుగును. పొడి తడిసి వాయువు పుట్టును. ఆ బుడగ పడవకు అంటి దానిని పైకి లేపును. నీటిపైకి వచ్చి ఒరుగగానే బుడగ జారిపోవును. పడవ మరల మునుగును. మునిగినది లేచుటయు, లేచినది మునుగుటయు చూచుచు, స్నానపుతొట్టి ప్రక్కన కదలక కూర్చుండిన బాలుని ఏకాగ్రతను ఏ వర్తకుడు తయారుచేసెను? పొడి తెచ్చియిచ్చినది వంటింటిలోని తల్లి. ఇది ఎందుకు తేలుచున్నదని అడిగిన ప్రశ్న ఆ బాలునిది.

మరియొక పెట్టెలోని ఈల సంగతి అంతకంటె చిత్రము. కాప్టెన్ క్రంచ్ అను రకపు పెట్టెలలో వచ్చిన ఆ ఈల ఒక రంధ్రము మూసి ఊదినచో సెకనుకు 2600 కంపనముల స్వరము పలికెడిది. ఆనాటి దూరప్రాంత టెలిఫోను యంత్రములు సరిగా ఆ స్వరమునకే లోబడుచుండుటచే, కొందరు యువకులు దానితో రుసుము లేకుండ మాటలాడిరి. పిల్లలకు ఎరగా వేసినది పెద్దలకు దొంగతాళపు చెవి అయినది. అది వేరు చర్చ.

ఈ జ్ఞాపకములు చెప్పువారి మాటలను శ్రద్ధగా విన్నచో ఒక విశేషము కనబడును. బొమ్మ యేదియో రెండు మాటలలో ముగింతురు. అది ఎవరికి దక్కినదను వృత్తాంతము మాత్రము ఎడతెగదు. పెట్టెలో బొమ్మ యొక్కటి. ఇంటిలో పిల్లలు ముగ్గురో నలుగురో. వర్తకుడు ఈ చిక్కును తెలిసియే పెట్టినాడు. రెండవ బిడ్డకొరకు రెండవ పెట్టె కొనవలసివచ్చును గదా! ఆ చిక్కును విప్పవలసినది తల్లి. ఈసారి అన్నది, వచ్చుసారి చెల్లెలిది అని వంతులు పెట్టిన ఇండ్లు కలవు. అటుకులు పూర్తిగ తినువరకు చేయి పెట్టరాదని కట్టడి చేసిన ఇండ్లు కలవు. జ్వరముతో పడుకొన్న తమ్మునికి వంతు తప్పించి ఇచ్చిన అన్నలును కలరు. న్యాయమనగా ఏమి, ఓర్చుకొనుట యనగా ఏమి, తనది కాగలదానిని వదలుకొనుట యనగా ఏమి అను పాఠములు ఆ బల్లకడ నడచినవి. పెట్టెపై అచ్చువేసిన వస్తువుల పట్టికలో ఇవి లేవు. కొసరు వేసినది వర్తకుడు; కొసరి వడ్డించినది తల్లి. పిల్లలు రెండింటిని ఒకే గిన్నెలో తినిరి. కనుక నేటి తాత వెలపెట్టి కొనుచున్నది ఆ మొదటి కొసరును. ఆతని ప్రాణము కోరుచున్నది రెండవదానిని. కోరిక తప్పు కాదు. అది చేరిన చిరునామా తప్పు.

1688లో బాసెల్ నగరమున యోహన్నెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి ఇంటికి మరలుట, నొప్పి అను అర్థములు గల రెండు గ్రీకు మాటలను కలిపి ఈ బెంగకు నోస్టాల్జియా అని పేరు పెట్టెను. పరదేశముననున్న స్విట్జర్లండువారు స్వదేశమును తలచి కృశించుట చూచి, దీనిని ఆయన రోగముగనే లెక్కించెను. స్వదేశమునకు పంపుటయే చికిత్స యని ఆయన మతము. దూరమున ఉన్న ఊరికి బండి కట్టవచ్చును. గడచిన ఉదయమునకు ఏ బండి పోవును?

తెలుగునాట ఈ అటుకుల పెట్టెలు ఆ కాలమున లేవు. కెల్లాగ్ సంస్థ భారతదేశమునకు వచ్చినది 1994లో మాత్రమే. కాని బినాకా దంతధావనపు పెట్టెలో వచ్చిన చిన్న చిన్న జంతువుల బొమ్మలను ఎరిగినవారికి ఈ బెంగ కొత్తది కాదు. పండ్లు తోముకొనుటకు ఏడ్చు పిల్లవాడు ఏనుగుకొరకు పెట్టె ఎప్పుడు ముగియునా యని ఎదురుచూచిన ఇండ్లు మనకును ఉన్నవి. 1965 నాటి వలసచట్టము తరువాత అమెరికా చేరిన తెలుగు సంసారములలోని పిల్లలు రెండువిధముల అటుకులను ఎరిగి పెరిగినారు.

నేడు ఆ దేశములలో పెట్టెలోని బొమ్మ చాలవరకు మాయమైనది. పసివారు మింగుదురను భయము ఒక కారణము, ఖర్చు మరియొకటి. అతిగా చక్కెర కలిపిన తినుబండారములకు బొమ్మలు జతచేసి అమ్మరాదని చిలీదేశము 2016లో చట్టమునే అమలుచేసినది. ఇది మంచిదే. బాల్యములో ఆ బొమ్మలను ప్రేమించినవారు గూడ తమ మనుమలకొరకు ఈ చట్టమును మెచ్చుకొనుటకు అడ్డమేమియు లేదు. అడ్డమున్నదని తలచుటవలననే బెంగ మొండితనముగా మారును.

సేకరణకర్తలు మిక్కిలి ఆదరించు వస్తువులలో ఒక ఉంగరము కలదు. 1947లో కిక్స్ అను రకపు పెట్టె మూతముక్కను 15 సెంట్లతో కలిపి తపాలాలో పంపినవారికి అది వచ్చెడిది. అణుబాంబు ఉంగరమని దాని పేరు. హిరోషిమా దగ్ధమై రెండేండ్లయినను గడవని కాలమున బాలుర ఆటవస్తువునకు ఆ పేరు పెట్టుటకు వర్తకునకు నోరెట్లు వచ్చెనో! ఉంగరముపై చిన్న బాంబు ఆకారము. దాని తోకను ఊడదీసి, చీకటిలో కొంతసేపు ఉండి, కన్ను ఆనించి చూచినచో లోపల మినుకు మినుకుమని మెరుపులు కనబడెడివి. అవి కల్పితములు కావు. లోపల అణుమాత్రమైన పొలోనియము ఉండెడిది. దానినుండి వెలువడు కణములు తెరకు తగిలినపుడెల్ల ఒక్కొక్క మెరుపు పుట్టెడిది. కాని ఆ పొలోనియము 138 దినములకు సగమగును, మరి 138 దినములకు అందు సగమగును. ఏడాదికి ఆరవ వంతు మిగులును. పది సంవత్సరములకు లెక్కింపదగినంత మిగులదు.

అట్టి ఉంగరమును ఇప్పుడు కొన్న తాతయొకడు మనుమని వెంటబెట్టుకొని బట్టల బీరువాలో దూరి తలుపు మూసికొనెననుకొందము. కండ్లు చీకటికి అలవాటుపడువరకు ఇద్దరును ఊపిరి బిగబట్టి కూర్చుందురు. మనుమడు ఉంగరమునకు కన్ను ఆనించి, ఏమియు కనబడుట లేదు తాతా అనును. తాత తానును చూచును. కనబడదు. అప్పుడు ఆయన, ఆనాడు ఇట్లే చీకటిలో తన ప్రక్కన ఇరుకుగా కూర్చుండి, నా వంతు, నా వంతు అని మోచేతితో పొడిచిన తమ్ముని సంగతి చెప్ప మొదలుపెట్టును. మనుమడు తలుపు తీయుమని అడుగడు.